గాలి ఎక్కడ దూరుతుంది? పెట్రోల్ జీపుకు డీజిల్ లైను వేయడం గురించి

(రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకు రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఈ పైపు ముక్కలు, బోల్టులు మీ చేతుల్లోకి ఇస్తాను, చూసి పక్కవాళ్లకి ఇవ్వండి. జేబులో మాత్రం వేసుకోకండి.

ఇవాళ మాట్లాడేది ఒక్క పని గురించి. పాత పెట్రోల్ జీపు. మహీంద్రా సీజే త్రీబీ మోడల్ అనుకోండి, దాని పెట్రోల్ ఇంజన్ పేరు హరికేన్. దాన్ని దించేసి డీజిల్ ఇంజన్ ఎక్కిస్తున్నాం. ప్యూజో ఎక్కిస్తారా, డీఐ, అంటే డీజిల్‌ని నేరుగా సిలిండర్లోకి చిమ్మే ఇంజన్ ఎక్కిస్తారా, మీ ఇష్టం. ప్యూజో అంటే మనవాళ్లు ఎక్స్‌డీపీ 4.90 అంటారే, నాలుగు సిలిండర్లు, 90 ఎంఎం బోరు, 2112 సీసీ, అదే. ఇంజన్ మౌంటింగులు, బెల్ హౌసింగు, గేర్ బాక్సు, వీటి గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను ట్యాంకు మూత దగ్గర మొదలుపెట్టి, ఇంజన్లోకి డీజిల్ చిమ్మే నాజిల్ దగ్గర ఆగుతాను.

చల్లకొచ్చి ముంత దాచడం దేనికి, ముందు కాగితాల సంగతి. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52. ఆర్సీలో ఉన్న వివరాలు మారేలా బండిని మార్చడానికి వీల్లేదని మొదటి మాటే ఉంది. ఇంజన్ మార్పుకి, ఇంధనం మార్పుకి ఆర్టీఓ ఆఫీసు అనుమతి పని మొదలెట్టకముందే తీసుకోవాలి. పనయ్యాక వెళ్లి "సార్, మార్చేశాం" అంటే ఆయన ఒప్పుకోవాలని లేదు. ఆర్సీలో పెట్రోల్ అని ఉండి బానెట్ కింద డీజిల్ ఇంజన్ ఉంటే, రేపు ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సువాళ్లు మొదట పట్టుకునేది దాన్నే. బీఎస్ ఫోర్, బీఎస్ సిక్స్ బండ్ల జోలికి అసలు వెళ్లకండి. కామన్ రైలు పంపు, దాన్ని నడిపే ఈసీయూ అనే కంప్యూటరు, అది వేరే లోకం. నేను చెప్పేది మెకానికల్ పంపు ఉన్న పాత ఇంజన్ల గురించి మాత్రమే.

సరే. ఇప్పుడు అసలు మాట. మీలో పెట్రోల్ బండ్ల మీద చేయి తిరిగినవాళ్లు ఎక్కువ. పెట్రోల్ బండిలో లీకు ఎలా పడతారు? వాసన వస్తుంది. తడి కనిపిస్తుంది. కింద చుక్క పడుతుంది. అంతే కదా? డీజిల్ బండిలో అదే అలవాటుతో వెతికితే దొరకదు. ఎందుకు దొరకదు?

కొబ్బరి బొండం తాగుతున్నాం. స్ట్రాకి మధ్యలో చిన్న చిల్లు పడింది. నీళ్లు బయటికి కారతాయా? కారవు. మనం పీలుస్తున్నాం కాబట్టి ఆ చిల్లులోంచి గాలి లోపలికి వస్తుంది. బుసబుసమంటూ గాలి వస్తుంది, నీళ్లు రావు. ట్యాంకు నుంచి, డీజిల్ లాగే ఫీడ్ పంపు దాకా ఉన్న లైను అచ్చం ఆ స్ట్రానే. బయట పొడిగా ఉంటుంది, చెయ్యి పెడితే తడి తగలదు, బండి మాత్రం స్టార్ట్ కాదు. పెట్రోల్‌లో లీకు బయటికి, డీజిల్‌లో లీకు లోపలికి. ఇంకోసారి చెప్తాను: డీజిల్‌లో లీకు లోపలికి. కార్బురేటర్‌లోకి నాలుగు గాలి బుడగలు వెళ్లినా ఫ్లోట్ గిన్నెలో పైకి తేలిపోతాయి, ఇంజన్‌కి తెలియను కూడా తెలియదు. నాజిళ్లకి ఒత్తిడితో డీజిల్ తోసే ఇంజెక్షన్ పంపులో ప్లంజర్, అంటే చిన్న పిస్టన్, గాలిని నొక్కితే గాలి నలుగుతుంది తప్ప నాజిల్ తెరుచుకోదు. ప్యూజో లాంటి ఇంజన్లో నాజిల్ తెరుచుకోవడానికే 110, 120 బార్లు కావాలి, డీఐలో 200 అటూ ఇటూ. బుడగ ఎక్కడ తెస్తుంది అంత ప్రెషరు?

ట్యాంకు దగ్గరికి వద్దాం. సీజే త్రీబీలో డ్రైవర్ సీటు కింద ఉంటుంది, సుమారు 40 లీటర్లు. కొత్తది కొనక్కర్లేదు, దీన్నే వాడుకోవచ్చు. కానీ ముప్ఫై నలభై ఏళ్లు పెట్రోల్ ఉన్న ట్యాంకు అడుగున ఏముంటుంది? ఎండిపోయిన గమ్ము, తుప్పు. పెట్రోల్ ఉన్నన్నాళ్లూ అంటిపెట్టుకుని కూర్చున్న ఆ పొరని డీజిల్ మెల్లగా నానబెట్టి ఊడదీస్తుంది. మొదటి వెయ్యి కిలోమీటర్లలో రెండు మూడు ఫిల్టర్లు మూసుకుపోయాయంటే చాలాసార్లు కారణం ఇదే. అందుకని ట్యాంకు దించి, ఖాళీ చేసి, వేడినీళ్లు సబ్బుపొడితో రెండు మూడుసార్లు కడిగి, లోపల గుప్పెడు శుభ్రమైన నట్లు వేసి బాగా ఊపి, కడిగి, ఎండబెట్టండి. నట్లు లెక్కపెట్టి వేయండి, లెక్కపెట్టి తీయండి.

వెల్డింగు. ఇక్కడ కాస్త గట్టిగానే చెప్తాను. ఖాళీ పెట్రోల్ ట్యాంకు నిండు ట్యాంకు కంటే ప్రమాదం. గాలిలో పెట్రోల్ ఆవిరి నూటికి ఒకటిన్నర వంతు నుంచి ఏడున్నర వంతు దాకా ఉంటే నిప్పు తగలగానే పేలుతుంది. "వాసన రావట్లేదు కదా" అని టార్చి పెట్టకండి. గమ్ము పొర వేడెక్కితే అందులోంచి మళ్లీ ఆవిరి పుడుతుంది. మరి మిగిలిన డీజిల్ ట్యాంకుకి తిరిగొచ్చే రిటర్ను పైపుకి కన్నం కావాలి కదా, ఎలా? ట్యాంకుని ముట్టుకోకుండా చేసే దారి ఉంది. ట్యాంకులో ఎంతుందో గేజీకి చెప్పే సెండర్ ప్లేటు ఉంటుంది, గుండ్రంగా, స్క్రూలతో బిగించి. అది విప్పితే చేతికి వచ్చేస్తుంది. సెండర్ మీటను విడిగా తీసేసి, ఆ ప్లేటుని ట్యాంకుకి దూరంగా బల్ల మీద పెట్టుకుని, దానికే రెండు పైపులు బ్రేజింగు చేయించండి. ఒకటి లాగే పైపు, ఒకటి రిటర్ను. కొత్త గాస్కెట్ వేసి మళ్లీ బిగించండి. ట్యాంకు మీద నిప్పురవ్వ పడలేదు, పని అయిపోయింది.

లాగే పైపు చివర ట్యాంకు అడుగుకి 20 నుంచి 25 ఎంఎం ఎత్తులో ఆగాలి. పూర్తిగా అడుక్కి దింపితే నీళ్లు, మడ్డి లాగేస్తుంది. పాత పెట్రోల్ పైపు చివర సన్నటి జాలీ సంచి ఉంటే తీసేయండి, అది మూసుకుపోతే చూడ్డానికి ట్యాంకు దించాలి. రిటర్ను పైపు కూడా కిందిదాకా దిగాలి, కానీ లాగే పైపుకి దూరంగా, ఎదురు మూలకి తిరిగి ఉండాలి. పైనుంచి ధారగా పడితే నురుగు పుడుతుంది, ఆ నురుగునే పక్కనున్న పైపు మళ్లీ లాగుతుంది. గాలిని మనమే కలిపి మనమే తాగించినట్టు.

ఒకాయన ఇందాక బయట అడిగారు, రిటర్నుని ట్యాంకు దాకా తీసుకెళ్లకుండా ఫిల్టర్ ముందు టీ జాయింటు వేసి కలిపేస్తే సరిపోదా అని. సరిపోదు. లెక్క చూడండి. లీటరుకి 12 కిలోమీటర్లు ఇచ్చే జీపు గంటకి 60 పోతోంది. ఇంజన్ తాగింది ఎంత? గంటకి 5 లీటర్లు. ఫీడ్ పంపు తోసేది దానికి ఎన్నో రెట్లు. మిగిలినది పంపుని చల్లబరిచి, దారిలో దొరికిన బుడగల్ని ఊడ్చుకుని ట్యాంకుకి వెళ్లాలి. ఆ వేడి డీజిల్‌ని, ఆ బుడగల్ని మళ్లీ పంపు నోట్లోనే పెడితే ఎండాకాలం మధ్యాహ్నం బండి ఘాట్ ఎక్కుతూ ఎక్కుతూ నీరసపడుతుంది. నాజిళ్ల లీకాఫ్, అంటే వాటి దగ్గర మిగిలి వెనక్కొచ్చే డీజిల్, కూడా ఈ రిటర్నులోకే కలపాలి.

మూత మర్చిపోయాం. పాత మూతల్లో చిన్న వాల్వు ఉంటుంది, అది తుప్పుపట్టి మూసుకుపోయి ఉంటుంది. ట్యాంకులోకి గాలి రాకపోతే ఏమవుతుంది? పదిహేను ఇరవై కిలోమీటర్లు బాగానే పోయి ఆగిపోతుంది. దిగి మూత తీస్తే ఉస్సుమని శబ్దం. మళ్లీ స్టార్టవుతుంది. ఈ లక్షణం చెబితే వెంటనే మూత చూడండి, పంపు విప్పకండి.

లైన్లు. పాత పెట్రోల్ పైపు సన్నగా, పావు అంగుళం, అంటే సుమారు 6 ఎంఎం ఉందనుకోండి. దాన్ని రిటర్నుకి వాడుకోండి, లోపల శుభ్రం చేసి. లాగే లైనుకి 8 ఎంఎం పైపు వేయండి. స్టీలు లేదా ఇంధనం కోసమే చేసిన నైలాన్ పైపు. రాగి వద్దు. రాగి పైపు వంచడానికి బాగుంటుంది, నాకు తెలుసు, కానీ అదురుకి బిరుసెక్కి చీలుతుంది. పైగా రాగి తగిలితే డీజిల్ త్వరగా చెడి జిగురు కడుతుంది. జింకు పూత ఉన్న జీఐ పైపు, జీఐ ట్యాంకు అసలే వద్దు. జింకు డీజిల్‌తో కలిసి సబ్బులాంటి పదార్థం అయి ఫిల్టర్‌కి పట్టుకుంటుంది.

రబ్బరు హోసులు ఎంత తక్కువ ఉంటే అంత మంచిది. ఇంజన్ ఊగుతుంది, ఛాసిస్ ఊగదు. ఆ రెంటికీ మధ్య ఒక ముక్క, ట్యాంకు దగ్గర ఒక ముక్క, చాలు. నైట్రైల్ రబ్బరు డీజిల్‌కి పనికొస్తుంది. రేడియేటర్ హోసు ముక్క, నీళ్ల పంపు పైపు ముక్క పెట్టకండి, నెలలో ఉబ్బి వదులవుతాయి. ఇంకోటి, ఇదిగో ఈ రెండు పైపు ముక్కలు చూడండి. ఒకదాని చివర ఉబ్బు ఉంది, ఇంకోటి నున్నగా ఉంది. నున్నటి పైపు మీద హోసు తొడిగి క్లిప్పు ఎంత బిగించినా గాలి దూరుతుంది. చివర ఉబ్బు తేలించి, క్లిప్పుని ఆ ఉబ్బుకి ఇవతల బిగించాలి. బోల్టుల మరల (థ్రెడ్ల) మీద టెఫ్లాన్ టేపు చుట్టే అలవాటుందా? చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. మానేయండి. టేపు పోగు ఒకటి తెగి పంపులోకి వెళ్తే చాలు. ప్లంజర్‌కీ బ్యారెల్‌కీ మధ్య సందు రెండు మూడు మైక్రాన్లు. వెంట్రుకలో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. బాంజో బోల్టుకి, అంటే లోపలి కన్నంలోంచి డీజిల్ పోయే బోల్టుకి, రెండు పక్కలా కొత్త రాగి వాషర్లు, అంతే. విప్పిన ప్రతిసారీ కొత్తవి. లేదూ, పాతదాన్ని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచి మెత్తబరచి, మసి తుడిచి వేయండి.

లైను సైలెన్సర్ పైపుకి దూరంగా, ట్యాంకు నుంచి పంపు దాకా వీలైనంతవరకు ఎత్తు పెరుగుతూ పోవాలి. మధ్యలో ఒంటె మూపురంలా లేపితే ఆ మూపురంలో గాలి చేరి కూర్చుంటుంది.

ఫిల్టర్లు, పంపు

పెట్రోల్ బండికి వేసే ఆ చిన్న ప్లాస్టిక్ ఫిల్టర్ తీసి పారేయండి. అది కార్బురేటర్ జెట్టుని కాపాడేంతవరకే. డీజిల్‌కి మొదట నీళ్లు పట్టే గిన్నె, కింద డ్రెయిన్ ఉన్నది, ఫీడ్ పంపుకి ముందు. తర్వాత రెండు గిన్నెల ఫిల్టర్: ముందు ఫెల్టు, తర్వాత పేపరు. తిరగేసి వేస్తే? పేపరు పది రోజుల్లో మూసుకుపోతుంది, ఫెల్టు మాత్రం తళతళలాడుతూ ఉంటుంది. ఫిల్టర్ తల మీద బాణం గుర్తుంటుంది, చూసి వేయండి. ఫిల్టర్‌ని పంపు కంటే ఎత్తులో బిగించండి, గాలి పైకి చేరుతుంది, తీయడం తేలిక.

ఫీడ్ పంపు. పాత పెట్రోల్ ఏసీ పంపు ఇంజన్‌తో పాటే పోయింది. కొన్ని పాత జీపుల్లో వైపర్ కూడా ఆ పంపు వాక్యూమ్ మీదే నడిచేది, ఆ జీపైతే ఎలక్ట్రిక్ వైపర్ మోటారు పెట్టుకోవాలి. అలాగే బ్రేకు బూస్టర్ ఉన్న బండి అయితే గుర్తుంచుకోండి: డీజిల్ ఇంజన్ మానిఫోల్డులో వాక్యూమ్ ఉండదు. ఆల్టర్నేటర్ వెనక వాక్యూమ్ పంపు ఉన్నది చూసి వేయాలి. ఇది ఇంధనం సంగతి కాదు కానీ చెప్పకుండా పోలేను. బండి స్టార్టు కాకపోతే ఇంట్లో ఉంటుంది, ఆగకపోతే ఎక్కడుంటుంది?

ఇంజెక్షన్ పంపు ఇన్‌లైన్ అయితే, అంటే సిలిండరుకో ప్లంజర్ వరసగా ఉన్నదైతే, ఫీడ్ పంపు దాని పక్కనే ఉంటుంది, చేత్తో కొట్టి డీజిల్ ఎక్కించే ప్రైమర్‌తో సహా. దాని కింద చిన్న గిన్నెలో జాలీ ఉంటుంది, పాత బండ్ల యార్డు నుంచి తెచ్చిన పంపులో అది తొంభై శాతం మూసుకుపోయి ఉంటుందనుకోండి, విప్పి కడగండి. రోటరీ వీఈ పంపు అయితే, అంటే ఒకే ప్లంజర్ తిరుగుతూ అన్ని నాజిళ్లకీ పంచేదైతే, లోపలే ట్రాన్స్‌ఫర్ పంపు ఉంది, బయటి లిఫ్ట్ పంపు దానికి అందిస్తే చాలు. ఇక్కడ చేసే తప్పు ఏంటంటే, ఇంజెక్షన్ పెట్రోల్ కారు పంపు ఒకటి దొరికింది కదా అని పెట్టేస్తారు. అది 3 బార్లు తోస్తుంది. వీఈ పంపు లోపలి ప్రెషర్ పెరిగితే టైమింగు అడ్వాన్సు తనంతట తనే ముందుకి జరుగుతుంది, ఇంజన్ కొట్టుకుంటుంది. ఆ తర్వాత షాఫ్టు సీలు తన్నుతుంది. సీలు తన్నితే డీజిల్ ఎటు పోతుంది? ఇంజన్ ఆయిల్లోకి. డిప్‌స్టిక్ మీద ఆయిల్ తగ్గాల్సింది పోయి పెరుగుతోందంటే వెంటనే బండి ఆపండి.

ఇప్పుడు ఈ రెండు బోల్టులు పట్టుకోండి. వీఈ పంపు బాంజో బోల్టులు. సైజు ఒకటే, మర ఒకటే, వాషర్ ఒకటే. తేడా కనిపించిందా? ఒకదాని తల మీద "అవుట్" అని ఇంగ్లీషులో పోసి ఉంది. లైటుకి అడ్డం పెట్టి చూడండి, దాని పక్కన కన్నం సూదిమొన అంత. అర మిల్లీమీటరు పైచిలుకు. ఆ సన్న కన్నమే పంపు లోపల ప్రెషర్‌ని నిలబెట్టేది. ఇది రిటర్ను వైపు ఉండాలి. పొరపాటున ఇది లోపలికి వచ్చే వైపు బిగించారనుకోండి, పంపు సూదికన్నంలోంచి తాగాలి. ఐడిలింగు బాగుంటుంది, యాక్సిలరేటర్ తొక్కితే ఊపిరాడదు. ఇంకో వైపు రిటర్నుకి పెద్ద కన్నం వచ్చి లోపలి ప్రెషర్ పడిపోతుంది. పంపుల్ని పరీక్షించే బెంచికి రెండుసార్లు వెళ్లి "కాలిబ్రేషన్ కరెక్టే" అని తిరిగొచ్చిన పంపుల్లో ముందు ఈ బోల్టు చూడండి.

పాత పంపు తెచ్చారు. నాజిళ్లతో పాటు బెంచి మీద పెట్టించకుండా ఎక్కించకండి. సీళ్లన్నీ మార్పించండి, కారకపోయినా సరే. ఎందుకంటే ఆ పంపు పుట్టినప్పటి డీజిల్ వేరు. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్ సిక్స్ డీజిల్, గంధకం 10 పీపీఎం. ఏళ్ల తరబడి పాత డీజిల్లో నాని ఉబ్బి ఉన్న రబ్బరు సీళ్లు కొత్త డీజిల్ తగిలితే కుంచించుకుపోతాయి. "మరి గంధకం తగ్గితే పంపు అరిగిపోదా, టూ స్ట్రోక్ ఆయిల్ కలపాలా?" అని ప్రతి మీటింగులోనూ ఎవరో ఒకరు అడుగుతారు. అక్కర్లేదు. రిఫైనరీలోనే జారుడు గుణానికి మందు కలుపుతారు, దానికి ప్రమాణం ఉంది. ఇంకా కిరసనాయిలు కలిపే ఆలోచన ఉంటే మాత్రం ఈ పంపు మీకెందుకు, ఎవరికైనా ఇచ్చేయండి.

హై ప్రెషర్ పైపులు ఆ ఇంజన్‌వే వాడండి, సెట్టుగా. నాలుగు పైపుల పొడవు ఒకటే ఉండాలి, అందుకే కొన్ని మెలికలు తిరిగి ఉంటాయి. అడ్డొస్తున్నాయని కోసి కుదించకండి. పైపుల్ని కలిపి పట్టే క్లాంపులు యార్డులోనే పారేసి వస్తారు, వెతికి తెచ్చుకోండి. అవి లేకపోతే అదురుకి పైపు నట్టు దగ్గర చీలుతుంది.

తాళం, ఇంజన్ ఆపడం

పెట్రోల్ బండిలో తాళం తీస్తే స్పార్కు ఆగుతుంది, ఇంజన్ ఆగుతుంది. ఇక్కడ స్పార్కే లేదు. డీజిల్ ఆపితేనే ఆగుతుంది. ఇన్‌లైన్ పంపుకి స్టాప్ కేబుల్, డ్యాష్‌బోర్డు మీద గుంజే నాబు. రోటరీకి 12 వోల్టుల సోలినాయిడ్, కరెంటు ఉంటేనే డీజిల్ వదిలే వాల్వు. ఈ సోలినాయిడ్‌కి కరెంటు ఎక్కడి నుంచి ఇస్తారు? అందరూ చేసేది, పాత ఇగ్నిషన్ కాయిల్ వైరు ఖాళీగా ఉంది కదా అని దాన్ని తగిలించడం. వోల్టేజి తగ్గించే బ్యాలస్ట్ రెసిస్టర్ ఉన్న కాయిల్ వైరైతే అందులో 12 వోల్టులు రావు. సోలినాయిడ్ ఒకసారి లాగుతుంది, ఒకసారి లాగదు. మీటరు పెట్టి చూడండి. స్టార్టర్ తిరుగుతున్నప్పుడు కూడా అక్కడ కరెంటు ఉండాలి. కొన్ని స్విచ్చుల్లో సెల్ఫ్ కొట్టేటప్పుడు ఆ టెర్మినల్ చచ్చిపోతుంది. తాళం తిప్పితే పంపు దగ్గర "టక్" మని వినిపించాలి, వినిపించలేదంటే ఎయిర్ తీస్తూ కూర్చోవద్దు. ప్యూజోకి హీటర్ ప్లగ్గులు కూడా ఉన్నాయి, వాటికి రిలే పెట్టి లావు వైరు వేయండి, స్విచ్చు మీదుగా లాగితే స్విచ్చు కరిగిపోతుంది.

యాక్సిలరేటర్ గురించి ఒక్క ముక్క. పెడల్ పూర్తిగా తొక్కినప్పుడు పంపు లివరు గరిష్ఠ స్క్రూకి ఆనాలి, వదిలితే ఐడిలింగు స్క్రూకి రావాలి. సీలు వేసి ఉన్న స్క్రూని తిప్పకండి.

ఎయిర్ తీయడం

ట్యాంకులో కనీసం 10 లీటర్ల కొత్త డీజిల్ పోయండి. ఫిల్టర్ గిన్నెలు డీజిల్‌తో నింపి బిగిస్తే ప్రైమర్ కొట్టే పని సగం తగ్గుతుంది. మొదటి ఫిల్టర్ బ్లీడ్ స్క్రూ వదులు చేసి ప్రైమర్ కొట్టండి. నురుగు వస్తుంది, కొట్టండి, బుడగల్లేని ధార వచ్చాక, ప్రైమర్ కిందికి నొక్కి ఉండగానే స్క్రూ బిగించండి. తర్వాత రెండో ఫిల్టర్. తర్వాత పంపు మీద స్క్రూ. ఈ వరస తప్పకండి, ట్యాంకు వైపు నుంచి ఇంజన్ వైపుకి. ఆ తర్వాత నాజిళ్ల దగ్గర రెండు పైపుల నట్లు ఒక చుట్టు వదిలి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, సెల్ఫ్ కొట్టండి. పది పదిహేను సెకన్లు, మించొద్దు. అర నిమిషం ఆగి మళ్లీ. నట్ల దగ్గర డీజిల్ చిమ్మగానే బిగించండి. చిమ్మే చోట వేలు పెట్టకండి. ఆ ప్రెషర్‌కి డీజిల్ చర్మంలోంచి లోపలికి దూరిపోతుంది, పైకి చీమ కుట్టినంత గుర్తు కూడా ఉండదు, గంటల్లో చెయ్యి వాచిపోతుంది. అలా జరిగితే కట్టు కట్టుకుని ఊరుకోకుండా వెంటనే పెద్దాసుపత్రికి పోవాలి.

సాయంత్రం బాగానే ఆగిన బండి పొద్దున ప్రైమర్ కొడితే తప్ప లేవడం లేదా? రాత్రంతా లైనులోని డీజిల్ ట్యాంకులోకి జారిపోయింది. అంటే పైన ఎక్కడో గాలి దూరుతోంది. ఎక్కడో ఎలా తెలుస్తుంది? 5 లీటర్ల శుభ్రమైన డబ్బా తీసుకోండి, డీజిల్ నింపి పంపు కంటే ఎత్తులో కట్టండి, పారదర్శకమైన హోసుతో ఫిల్టర్‌కి నేరుగా ఇవ్వండి. రిటర్ను కూడా ఆ డబ్బాలోకే. బండి బాగా నడిచిందా? తప్పు ట్యాంకు వైపు ఉంది, లైనులో వెతకండి. ఇంకా తడబడుతోందా? ఫిల్టర్ నుంచి ఇవతల వెతకండి. ఆ పారదర్శక హోసునే జాయింటు జాయింటుకీ జరుపుకుంటూ పోతే బుడగలు ఏ జాయింటు దాటాక మొదలయ్యాయో కంటికే కనిపిస్తుంది. డబ్బా ఖరీదు ఎంత? పంపు విప్పిన కూలీ ఎంత?

మొదటి 100 కిలోమీటర్లకి నీళ్ల గిన్నె డ్రెయిన్ తిప్పి గాజు సీసాలో పట్టండి, అరగంట కదపకుండా ఉంచండి, అడుగున నీళ్లు గీత కట్టినట్టు విడిగా కనిపిస్తాయి. 500కి ఫిల్టర్లు రెండూ మార్చండి, పాతదాన్ని కోసి చూడండి, గమ్ము ఇంకా వస్తోందంటే ఇంకో సెట్టు కొని పెట్టుకోండి. ట్యాంకు మూత మీద పెద్ద అక్షరాలతో "డీజిల్" అని రాయించండి. బంకులో కుర్రాడు జీపుని చూస్తాడు, మీ ఇంజన్‌ని చూడడు.

బయట జీపు సిద్ధంగా ఉంది, పొద్దున లైను విప్పేసి గాలి నింపి పెట్టాం. దాన్ని ఇప్పుడు మీరే లేపాలి. ఒకరు ప్రైమర్ దగ్గర, ఒకరు స్పానర్ పట్టుకుని. ఇంకొకరు ఆ చెక్క పలక పట్టుకుని ఎయిర్ ఇన్‌టేక్ దగ్గర నిలబడండి, ఎయిర్ క్లీనర్ హోసు తీసేసి ఉంది. ఇంజన్ లేచాక ఆగకుండా రేసు ఎక్కిపోతే స్టాప్ కేబుల్ గుంజండి, అప్పటికీ ఆగకపోతే పలకతో ఆ మూతి మూసేయండి. చేత్తో కాదు, పలకతో. పదండి.